ఒక్క కాలి మీది చుక్కలు

రాయగడలో జ్వరం వస్తే ఇది దేని జ్వరమని ఎవరూ అడగరు, ఈ ఏడాదికి ఎన్నోసారి అని అడుగుతారు. ఒడియా వాళ్లు పాళి జొరొ అంటారు, వంతులేసుకుని వచ్చే జ్వరమని. మన తెలుగు షావుకార్లు చలిజ్వరం అనేసి, సొరుగులో ఎప్పుడూ ఉండే చేదుమాత్రలు రెండు మింగి మళ్లీ బేరంలో పడిపోతారు. ఇంటికొచ్చిన చుట్టానికి ఒళ్లు వెచ్చబడితే మంచినీళ్లతో పాటు ఆ మాత్రలు కూడా ఇచ్చే ఊరు మాది.

నేను ఆ జ్వరం మీద బతికినవాణ్ని. తొంభైల మొదట్లో ల్యాబ్ టెక్నీషియన్ చదువు ముగించుకొచ్చి, బస్టాండుకి దగ్గర్లో ఒక గది తీసుకుని రక్తపరీక్షలు మొదలుపెట్టాను. వేలి కొస సూదితో పొడవడం, రక్తపు చుక్కని గాజుపలక మీద పామడం, రంగు వేసి ఆరబెట్టడం, మైక్రోస్కోపు కింద పెట్టి ఎర్రకణాల్లో మలేరియా పురుగు ఉందో లేదో చూడటం, ఇదే పని. వానలు పడ్డాయంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా తల వంచుకునే ఉండాలి. మెడ పట్టేసేది, కళ్లు మంటలెత్తేవి, అయినా బయట బెంచీ మీద జనం తరిగేవారు కాదు. నా మాటకి ఊళ్లో విలువుండేది. డాక్టర్లు కూడా నా చీటీ చూశాకే మందు రాసేవారు. స్లయిడ్ అబద్ధం చెప్పదు అని నేను అందరికీ చెప్పేవాణ్ని. అది నిజమే. ఇప్పటికీ అదే అంటాను.

నన్ను చదివించింది అన్నయ్య. నాకంటే పద్నాలుగేళ్లు పెద్ద. నాన్న పోయాక పార్వతీపురం వైపు నుంచి బట్టల మూటతో రాయగడ వచ్చి బజారులో చిన్న కొట్టు పెట్టాడు. పేరుకే కొట్టు. అందులో వదిన కూర్చునేది. అన్నయ్య వారంలో నాలుగు రోజులు సంతల్లోనే ఉండేవాడు. టికిరి, లక్ష్మీపూర్, ఇంకా లోపలికి. బస్సు మీద మూటలు వేసుకుని, బస్సు వెళ్లని చోటికి మూట నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్లేవాడు. తువ్వాళ్లు, లుంగీలు, అంచు చీరలు. కొండల్లోంచి వచ్చే ఆడవాళ్లతో వాళ్ల కువి భాషలోనే బేరమాడేవాడు. టికిరికి దగ్గర్లో డొరగుడలో ఫ్యాక్టరీ పనులు మొదలయ్యాక ఆ సంత పెరిగి అన్నయ్యకి ఊపిరి సలిపేది కాదు. ఇంట్లో ఒక పూట కూర్చోమంటే అరికాళ్లు దురదపెడతాయనేవాడు. నడక, చుట్ట, ఈ రెండూ లేకపోతే అన్నయ్య లేడు.

ఆ చుట్టే నడకని తినేసింది. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకి, యాభై నిండాక, ఎడమ కాలు పట్టెయ్యడం మొదలైంది.

"నూరడుగులు ఎయ్యనీదురా తమ్ముడూ. పిక్కట్టుకుని లాగేస్తంది. నిలబడిపోతే తగ్గిపోతాది, నడిస్తే మళ్లీ అదే" అన్నాడు.

నరం పట్టేసిందని ఆముదం రాశాం. కొన్నాళ్లకి నూరడుగులు యాభై అయ్యాయి. విశాఖ తీసుకెళ్లాను. తొడలో రక్తనాళం మూసుకుపోయిందన్నారు. గజ్జలో సూది గుచ్చి, లోపల్నుంచి సన్నటి తీగ పంపి, మూసుకున్నచోట లోహపు జాలీ గొట్టం పెడతామన్నారు. స్టెంటు అంటే గుండెకే అనుకునేవాళ్లం, కాలికి కూడా పెడతారని అప్పుడే తెలిసింది. మొదటి రోజు నాళంలోని నెత్తురుగడ్డ కరగక, గజ్జలో మందు పంపే గొట్టం అలాగే ఉంచి మర్నాడు మళ్లీ చేశారు. గజ్జ నుంచి తొడ మధ్య దాకా నెత్తురు కమిలి నేరేడుపండు రంగు తేలింది. అయితేనేం, పాదం వెచ్చబడింది. అన్నయ్య ఆసుపత్రి వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగుసార్లు నడిచి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. చుట్ట మానేస్తానని డాక్టరు ముందు ఒట్టేశాడు, మానేశాడు కూడా. వచ్చేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. జ్వరం వచ్చినా, గజ్జలో నొప్పి వాపు వచ్చినా, వెంటనే రండి అని ఇంగ్లీషులో ఉంది. రైల్లో దాన్ని తెలుగులో చదివి వినిపించింది నేనే.

మూడు వారాలు గడిచాయి. టికిరి సంతలో చలి పుట్టి వణికిపోయి, మూటలు అక్కడే ఎవరికో అప్పగించి బస్సెక్కి వచ్చేశాడు. తిన్నగా నా గదికే వచ్చాడు. వేలు పొడిచి స్లయిడ్ చేశాను. పురుగు కనిపించింది. ఎక్కువేం లేవు, వెతికితే అక్కడొకటి ఇక్కడొకటి. ఉన్నాయి కదా, ఇంకేం కావాలి. నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. విశాఖ వాళ్ల కాగితం గుర్తొచ్చి గుండె గుబుక్కుమంది కాబోలు, పురుగుని చూడగానే ఆ గుబులు పోయింది. ఇది మన జ్వరమే అనుకున్నాను.

"మలేరియాయే అన్నియ్యా, కంగారు లేదు" అన్నాను. ఇంట్లో ఉన్నప్పుడు మాకు మా యాసే వస్తుంది.

"నాకు తెలీదేటి, మన ఊరి జొరమే" అని ఆయనా తేలికపడ్డాడు.

మాత్రలు వేశాక రెండు రోజులు తగ్గింది. మూడో రోజు మళ్లీ వచ్చింది. మా వైపు మాత్రలకి లొంగని మలేరియా కొత్తేం కాదు. దగ్గర్లోని డాక్టరుకి నా చీటీ పంపిస్తే ఆయన పెద్ద మందు రాశాడు. స్టెంటు సంగతి ఆయనకి నేను చెప్పలేదు. దాచాలని కాదు, జ్వరానికీ దానికీ సంబంధం ఉందని తట్టలేదు. గజ్జలో కొంచెం నొప్పిగా ఉందంటే, కమిలిన చోటు కదా అని, ఇంట్లో మిగిలి ఉన్న యాంటీబయోటిక్ బిళ్లలు ఐదు రోజులు నేనే వేశాను. అలా వెయ్యడం తప్పని ఊళ్లో వాళ్లకి రోజూ చెప్పేవాణ్ని కూడా నేనే.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున వదిన నన్ను పిలిచింది. అన్నయ్య మంచం మీద పడుకుని ఉన్నాడు, ఆమె కాళ్లు తుడుస్తోంది. వదిన తక్కువ మాట్లాడే మనిషి. కొట్టులో కూడా గుడ్డ పరిచి ఊరుకుంటుంది, కొనేవాళ్లే మాట్లాడుకోవాలి.

"ఇది సూడు బాబూ" అని ఎడమ పాదం ఎత్తి చూపించింది. అరికాలి మీద, వేళ్ల కొసల్లో, ఎర్రటి చిన్న చుక్కలు. నొక్కితే పోవడం లేదు.

"దోమలు కుట్టేయి వొదినా" అన్నాను.

"దోమలు ఒక కాలే ఏరుకుంటాయేటి?" అంది.

కుడి పాదం కూడా ఎత్తింది. శుభ్రంగా ఉంది, ఒక్క చుక్క లేదు. నేను నవ్వాను. ఎడమ కాల్లో కొత్త నెత్తురు పారుతోంది కదా, దోమలకి రుచి తెలిసిందిలే అన్నాను. అన్నయ్య కూడా జ్వరంలోనే నవ్వాడు. వదిన నవ్వలేదు. తడిగుడ్డ పిండుకుని లోపలికి వెళ్లిపోయింది. ఊరందరిదీ ఒక దారైతే ఈమెది ఒక దారి అనుకుంటూ నేను నా గదికి వెళ్లి తల వంచుకుని కూర్చున్నాను. ఆ రోజు ఎన్ని స్లయిడ్లు చూశానో గుర్తు లేదు. ఒక పాదం మాత్రం సరిగ్గా చూడలేదు.

వదిన పాదం చూపించాక పదకొండు రోజులు అలా పోయాయి. లెక్క నాకు బాగా తెలుసు, తర్వాత ఎన్నోసార్లు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. పన్నెండో రోజుకి అన్నయ్య ఎడమ కాలు చాపలేకపోయాడు. తొడ పైభాగం ఉబ్బి ఎర్రగా కాలుతోంది. చెయ్యి వేసి చూశాను. వాపు నా అరచేతి కింద నాడి కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. చుక్కలు నల్లబడుతున్నాయి. అప్పుడు రైల్లో నేను చదివి వినిపించిన కాగితం మొత్తం గుర్తొచ్చింది. మర్నాటి రైలుకి విశాఖ బయల్దేరాం, ముగ్గురం.

అక్కడి డాక్టరు దుప్పటి తీసి ముందు పాదాలు చూశాడు. తర్వాత తొడ. ఒక నిమిషం కూడా పట్టలేదు.

"ఈ చుక్కలు ఎప్పట్నుంచి ఉన్నాయి?" అని అడిగాడు.

వదిన నా వైపు చూసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె నోరు తెరవక ముందే నేను చెప్పేశాను. "రెండు మూడు రోజులేనండి. అంతకు ముందు లేవు."

అన్నయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. వదిన తల దించుకుంది. డాక్టరు రాసుకున్నాడు.

ఆ తర్వాత జరిగినదంతా చెప్పాలంటే నాకు ఓపిక లేదు, కానీ తెలుసుకోవలసిన వాళ్లుంటారు కనుక చెబుతాను. స్టెంటు పెట్టిన చోట చీము పట్టింది. అక్కడ నాళం గోడ కుళ్లి సంచిలా ఉబ్బింది, ఎప్పుడైనా పగలొచ్చు. క్రిములు పట్టిన రక్తపు పలుకులు అక్కణ్నుంచి రాలి, కిందికి పారి, పాదంలోని సన్ననాళాల్లో ఇరుక్కుంటాయి. అందుకే చుక్కలు ఆ ఒక్క కాలికే. గజ్జలో ఆ మందు గొట్టం రెండు రోజులు ఉండటం, నెత్తురు గడ్డకట్టడం, ఇలాంటి వాటి వల్ల క్రిమి లోపలికి పోయే వీలు పెరుగుతుందని డాక్టరు చెప్పాడు. అరుదుగా వస్తుందిట. అరుదని మేం ఏం చేసుకుంటాం.

"మలేరియా ఉందండి, స్లయిడ్లో నేనే చూశాను" అన్నాను. అప్పుడు కూడా ఆ మాట అన్నాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "మీ స్లయిడ్ తప్పు కాదు. మీ వైపు చాలామంది ఒంట్లో జ్వరం లేకుండానే ఆ పురుగు ఉంటుంది. ఒకటి కనిపించింది కదా అని మీరు వెతకడం ఆపేశారు, అంతే" అన్నాడు.

ఏ క్రిమో తెలుసుకోవడానికి వేర్వేరు చోట్ల రక్తం తీసి సీసాల్లో పెంచారు. ఏదీ పెరగలేదు. ముందు యాంటీబయోటిక్ ఏమైనా వాడారా అని అడిగితే ఈసారి నిజం చెప్పాను, మందు రేకు జేబులోనే ఉంది మరి. సగం చచ్చిన క్రిమి సీసాలో పెరగదు, ఒంట్లో మాత్రం పెరుగుతుంది అన్నాడు. అనుమానం మీదే బలమైన ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇంజెక్షన్లతో పోదా అని వదిన అడిగింది. లోహానికి పట్టిన క్రిమి పైన పొర కప్పుకుని కూర్చుంటుంది, రక్తంలో మందు ఎంత తిరిగినా దాని దగ్గరికి పోదు, గొట్టం తీసెయ్యాల్సిందే అన్నారు. కోసి, స్టెంటుతో పాటు కుళ్లిన నాళం తీసేసి, కుడికాలి నుంచి సిర ఒకటి తీసి చీము లేని దారిలో కొత్త కాలవ వేశారు. తీసిన లోహాన్ని పరీక్షకి పంపితే అప్పుడు దొరికింది. చర్మం మీదా ముక్కులోనూ ఊరికే బతికే మామూలు క్రిమి. దానికి సరిపడే మందు ఆరు వారాలు ఎక్కించారు.

ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు. పాదం అప్పటికే చాలా చోట్ల చచ్చిపోయింది. కొత్త కాలవ వేసిన తొమ్మిదో రోజున మోకాలి కింద తీసేశారు. సంతకం పెట్టమని కాగితం నాకిచ్చారు. పెట్టాను. వదిన కిటికీ దగ్గర నిలబడి బయట రోడ్డు చూస్తోంది, నా వైపు తిరగలేదు.

రాయగడ వచ్చాక చూడటానికి బజారంతా కదిలొచ్చింది. ఎలా జరిగిందని అడిగిన వాళ్లందరికీ అన్నయ్య ఒకటే మాట చెప్పాడు.

"మలేరియా తినేసింది బావా. ముదిరిపోనాది."

నేను పక్కనే ఉన్నాను. కాదనలేదు. నా దుకాణం చెడకూడదని అలా చెబుతున్నాడని నాకు తెలుసు. మలేరియా కాళ్లు తినదని బజారులో ఎవరికి తెలుసు. అదే మాట ఊరంతా తిరిగింది. జ్వరం తగిలిన ప్రతివాడూ కాలు పోతుందేమోనని నా గదికి పరిగెత్తుకొచ్చేవాడు. బెంచీ చాలక గుమ్మంలో నిలబడేవారు. వాళ్ల ఎదుట నేను మింగలేక కక్కలేక కూర్చుని సూదులు పొడిచేవాణ్ని. అలసట అంటే మెడనొప్పి అనుకునేవాణ్ని అంతకు ముందు. మనిషి తన మీద తానే విసిగిపోతే వచ్చే అలసట వేరు, దానికి నిద్ర పనికిరాదు.

సంతలు వదిన అందుకుంది. తక్కువ మాట్లాడే మనిషి, మూటలు బస్సెక్కించి టికిరి వెళ్లి, గోనె పరుచుకుని కూర్చోవడం నేర్చుకుంది. కువి అంకెలు అన్నయ్య ఇంట్లో వల్లె వేయించాడు. అన్నయ్య కొట్టులో కూర్చున్నాడు. పెట్టుడుకాలు పెట్టుకుని బజారు దాకా నడిచేవాడు. అరికాళ్లు దురదపెడతాయన్న మాట మళ్లీ అనలేదు.

నాలుగేళ్లు అలా నడిచాక కుడికాలు పట్టెయ్యడం మొదలైంది.

మొదట దాచాడు. కొట్టులోంచి పెరట్లోకి వెళ్లేసరికి నిలబడిపోతుంటే వదిన చూసింది, నాకు చెప్పింది. ఉన్న ఒక్క కాలు. అదీ పోతే ఇక మంచమే. విశాఖ వెళ్దామన్నాను. అన్నయ్య రానన్నాడు. బతిమాలాను. రానన్నాడు. ఒకరోజు వదిన సంతకెళ్లిన మధ్యాహ్నం, కొట్టులో బేరాలు లేని వేళ, తలుపు దగ్గరగా వేసి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"నాను రాను. ఒక గొట్టమెట్టి ఒక కాలు తీసీసేరు. రెండోదిక్కూడా ఇచ్చీమంటావేటి" అన్నాడు.

ఆయన గొట్టాన్నే తప్పుపడుతున్నాడని, అందుకే రానంటున్నాడని అనుకున్నాను. నిజం చెప్పకపోతే ఈ కాలు కూడా నా మూలంగానే పోతుందని భయమేసింది. అందుకే చెప్పాను.

"గొట్టం తప్పు కాదన్నియ్యా. బేగి ఎల్లుంటే కాలు నిలబడునేమో. చుక్కలు వొదిన సూపించింది. పదకొండు రోజుల ముందే. నాను నవ్వేసేను. డాక్టరడిగితే రెండు మూడు రోజులని అబద్ధమాడేను."

చెప్పేశాక కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఆయన కొట్టినా తిట్టినా పడదామనుకున్నాను. అన్నయ్య తన ముందున్న తువ్వాలు మడత విప్పి మళ్లీ వేశాడు.

"తెలుసురా" అన్నాడు.

"వొదిన సెప్పిందా?"

"అదేటి సెప్తాది. నానక్కడే ఉన్నాను గదరా. కళ్లు మూసుకున్నాను గానీ సెవులు మూసుకోలేదు."

నాలుగేళ్లు. నాలుగేళ్లు మలేరియా తినేసిందని ఊరందరికీ నా ముందే చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఒకసారి నా మొహం వైపు చూసేవాడు. ఆ చూపు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

"నువ్వొచ్చి సెప్తావని సూసేను. ఈయేడు సెప్తావు, పైయేడు సెప్తావు అనుకున్నాను. స్లయిడు సూడ్డంలో పొరపాటు ఎవుడికైనా అవుద్ది. అది నాను అప్పుడే ఒగ్గీసేను. నాను ఇశాపట్నం రానన్నది ఆ గొట్టానికి బయపడి కాదురా తమ్ముడూ. నీతో రాడానికి బయపడి."

బయట ఎవరో తలుపు తట్టి లుంగీలున్నాయా అని అడిగారు. అన్నయ్య ఉన్నాయి, ఉండమన్నాడు. బల్ల పట్టుకుని లేచాడు, కుడికాలు నిలదొక్కుకునే దాకా ఆగాడు.

"టికెట్లు తీ. మీ వొదినక్కూడా తీ" అన్నాడు. "ఆ డాక్టరు ఏటడిగినా మీ వొదినే సెప్తాది. నువ్వు ఊరుకో."